పుష్పమ్మ మోకాలు, నూరీ పాలు

బహదూర్‌పురాలో మా గల్లీ మొదట్లో ఒక పిండిగిర్ని ఉంది. అక్కడ పది నిమిషాలు నిలబడితే ఎవరి ఇంటి సంగతైనా తెలిసిపోతుంది. పోయిన ఏడాది బతుకమ్మ రోజుల్లో అక్కడ చెప్పుకున్నది మా పుష్పమ్మ పెద్దమ్మ సంగతి.

"సిమెంట్ పెట్టకుండనే మోకాలు బిగించిండ్రట. నెల గూడ కాలే, పోయి బర్రె కింద కూసున్నది. లోపలిది కదిలి పక్కకొచ్చింది. మల్ల కోసి తీసిండ్రు."

కిరాణా దుకాణం చేరేసరికి రెండు కోతలు మూడయ్యాయి. బేగంబజార్ చేరేసరికి ఆ కాలు ఇక పనికిరాదన్నారు. ఎదురింటి రాజమణి అత్త అయితే ఒట్టేసి చెప్పింది.

"ఎవరో చెప్తే ఇన్నది కాదు. బట్టలు తీద్దామని మిద్దెక్కిన, నా కండ్లతోని చూసిన. నూరీ బర్రె కింద కూసోని పిండుతున్నది. అదే పచ్చ చీర. గొంతు గూడ ఇన్న. 'రావే నా తల్లీ' అని పిలుస్తున్నది."

రాజమణి అత్త అబద్ధమాడే మనిషి కాదు. ఆమె పచ్చ చీర చూసిన మాట నిజం. గొంతు విన్న మాట కూడా నిజమే.

పుష్పమ్మ మా నాన్న అన్న రామ్‌చందర్ భార్య. రామ్‌చందర్‌ను నేను పెద్దబాపు అంటాను. మా రెండు కుటుంబాలకూ ఒకే వాకిలి. ఆ వాకిలి వెనక బర్రెల కొట్టం. తొమ్మిదో తరగతితో నేను బడి మానేసినప్పటి నుంచి ఆ ఇంటికి వచ్చే కాగితాలు చదివి చెప్పే పని నాదే. అందుకే పెద్దమ్మ మోకాలి సంగతి మొదటి చీటీ నుంచి చివరి ఎక్స్‌రే దాకా నాకు తెలుసు.

పెద్దమ్మ పదిహేడేళ్లకు ఈ ఇంటికి కోడలై వచ్చింది. అప్పటి నుంచి ముప్పై ఆరేళ్లు రోజుకు రెండు పూటలు, బర్రెల కింద గొంతుక్కూర్చుని, రెండు మోకాళ్ల మధ్య బకెట్ ఇరికించుకుని పాలు పిండింది. బర్రె నీళ్లు తాగే చప్పుడు విని దాని ఒంట్లో బాగుందో లేదో చెప్పేది. వరద నీళ్లు మా గల్లీలోకి వచ్చిన ఏడాది నాలుగు బర్రెలనూ మోకాలి లోతు నీళ్లలో నడిపించుకుని ఫ్లైఓవర్ ఎక్కింది. రెండు రోజులు ఆ రోడ్డు మీదే పాలు పిండి వాడుక ఇళ్లకు పంపింది. పసిపిల్లలున్న ఇళ్లకు మొదట పంపేది. మిగిలితేనే హోటల్‌కు.

ఆ నాలుగు బర్రెల్లో నూరీ అంటే అందరికీ భయం. అది పెద్దమ్మకు తప్ప ఎవరికీ పాలివ్వదు. వేరే చెయ్యి పడితే పాలు పైకి ఎగబట్టుకుంటుంది. పాలు పొదుగులోకి దిగడాన్ని మా ఇళ్లలో చేపు అంటారు. నూరీకి చేపు రావాలంటే పెద్దమ్మ గొంతు వినిపించాలి, పెద్దమ్మ వాసన తగలాలి. అన్నింటికంటే ఎక్కువ పాలిచ్చేది కూడా అదే.

పెద్దమ్మ కుడి మోకాలు మెల్లగా అరిగింది. కూర్చున్నచోటు నుంచి లేవడానికి ఆమె నూరీ వెనక కాలు పట్టుకునేది. ఎవరు ముట్టినా తన్నే నూరీ అప్పుడు మాత్రం కదలకుండా నిలబడేది. ఒకరోజు పాలు పిండాక ఆమె అసలు లేవలేకపోయింది. ఎవరినీ పిలవలేదు. బకెట్‌ను ముందుకు తోసుకుంటూ, పేడలో కూర్చున్నట్టే జరుగుతూ గోడ దాకా వచ్చి, గోడ పట్టుకుని లేచింది. గడ్డి మోపు వెనక నేనున్నానని ఆమె చూసుకోలేదు. చూశాక ఒకటే మాట అంది.

"ఎవ్వరికి చెప్పకు స్వీటీ."

ఆ ఒక్కసారి నేను ఆమె మాట వినలేదు. పెద్దబాపుకు చెప్పాను.

ఆసుపత్రిలో డాక్టర్ నిఖిలేష్ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించాడు. మోకాలి కీలులో ఎముకకూ ఎముకకూ మధ్య ఉండాల్సిన సందు ఒకవైపు లేనే లేదు. కీలు మార్చాలన్నాడు. అందులో రెండు పద్ధతులున్నాయన్నాడు. ఒకటి, కొత్త కీలును ఎముకల కోసమే చేసిన ఒక రకం సిమెంట్‌తో ఎముకకు అతికించడం. రెండోది, సిమెంట్ లేకుండా బిగించడం. ఆ లోహం ఎముకకు ఆనే వైపు సన్నసన్న రంధ్రాలుంటాయి. నెలల తరబడి ఎముక ఆ రంధ్రాల్లోకి పెరిగి దాన్ని పట్టుకుంటుంది.

"జర సిమెంట్ పెట్టుండ్రి సార్," అన్నాడు పెద్దబాపు. "గోడకైనా సిమెంట్ లేకుంటె ఎట్ల నిలవడ్తది?"

"పెట్టొచ్చు అంకుల్. చాలామందికి అదే పెడతాం, అదీ బాగానే పనిచేస్తుంది. కానీ అమ్మ వయసు యాభై మూడే. బరువు ఎనభై దాటింది, పని కూడా బరువైన పని. ఎముక గట్టిగా ఉంది. ఇట్లాంటి వాళ్లలో ఎముకే పట్టుకుంటే ఎక్కువకాలం ఉంటుందని మా ఆశ."

"పట్టుకోకుంటె?"

డాక్టర్ దాచలేదు. మొదటి రెండు మూడు నెలలు నొప్పి కొంచెం ఎక్కువ ఉండొచ్చన్నాడు. కొద్దిమందిలో ఎముక పట్టుకోదు, కీలు వదులవుతుంది, అప్పుడు మళ్లీ కోసి మార్చాల్సి వస్తుందన్నాడు. చీము పట్టడం, కాలిలో రక్తం గడ్డకట్టడం ఏ పద్ధతిలోనైనా ఉండే భయాలేనన్నాడు. పెద్దమ్మ అంతా విని ఒకటే అడిగింది.

"మల్ల నేను బర్రె కింద కూసుంటనా సార్?"

"గొంతుక్కూర్చోవడం ఇక వద్దమ్మా. స్టూల్ మీద కూర్చోవచ్చు."

"కూసుంట అంటె సాలు. ఎత్తు సంగతి నేను సూసుకుంట."

ఇంటికొచ్చాక మాట అక్కడితో ఆగలేదు. వాళ్ల కొడుకు పింటూ అన్న జల్‌పల్లిలో చిన్న ప్లాటులో ఇల్లు కట్టుకున్నాడు. రోజూ బైక్ మీద ఇటొచ్చి పని చేసుకుని పోతాడు. బర్రెలు అమ్మేసి మీరూ అక్కడికే రండని రెండేళ్లుగా అంటున్నాడు.

"అమ్మా, ఇంక ఎన్ని దినాలు ఈ పేడ? కాలు బాగైనంక మల్ల గదే కొట్టంలకా?"

"నీకు ఈ పేడతోనే బడి ఫీజు కట్టిన కొడకా," అంది పెద్దమ్మ.

పెద్దబాపు మధ్యలో పడ్డాడు. మిగతా మూడు బర్రెలను తను పిండగలడు. నూరీ తన వల్ల కాదు. నూరీ లేకపోతే వాడుక ఇళ్లకు పాలు సరిపోవు. "దీపావళి దాకా సూద్దం," అన్నాడు. "అప్పటికి నువ్వు నూరీ కాడికి పోతె ఉంచుకుందం. లేకుంటె నాలుగిట్ని అమ్ముదం. గింతే. లొల్లి వద్దు."

పెద్దమ్మ సరేనంది. ఇక ఆమె మోకాలంటే ఆమె బర్రెలే.

బోనాలైన వారానికి ఆపరేషన్ అయింది. మర్నాడే వాకర్ పట్టుకుని నడిపించారు. ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితమిచ్చారు. రక్తం పల్చబడే మాత్రలు, కుట్లు విప్పే రోజు, చేయాల్సిన కసరత్తులు అందులో ఉన్నాయి. నేను చదివి చెప్పాను.

"పెద్దమ్మా, మోకాలు వంచాలని రాసిన్రు. రోజుకు నాలుగైదు సార్లు."

"రాస్తరు. గుంజ పాతినోళ్లకు తెలుస్తది. కదిలిస్తె పట్టుకుంటదా?"

ఈ మాట అర్థం కావాలంటే మా కొట్టం పద్ధతి తెలియాలి. కొత్త గుంజ పాతితే నలభై రోజులు దానికి పశువును కట్టరు. చుట్టూ మట్టి బిగుసుకునేదాకా దాన్ని ఊపకూడదు. ఊపితే మొదట్లో సందు పడుతుంది. ఒకసారి సందు పడ్డ గుంజ ఇక ఎప్పటికీ గట్టిగా నిలవదు. మా ఇళ్లలో నడక నేర్చిన పిల్లలు కూడా కొత్త గుంజను ముట్టరు. ఎముక పెరిగి లోహాన్ని పట్టుకోవాలని డాక్టర్ చెప్పినప్పుడు పెద్దమ్మకు కనపడింది గుంజే.

"నడవమన్నరు గదా మరి?" అన్నాను.

"నడుస్తున్న. నిలువుగ బరువు పడితె గుంజ దిగుతది. పక్కకు వంచితె వదులైతది."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. రెండోసారి చెప్పలేదు.

ఆమె పట్టుదల ఎట్లాంటిదో అప్పుడు చూశాను. చెప్పినన్ని అడుగులు వాకర్‌తో వాకిట్లో నడిచేది. కాగితంలో ఉన్న మాత్రలు ఒక్క పూట తప్పలేదు. నడవని వేళల్లో మాత్రం మోకాలి కింద చెక్క పెట్టి తువాలుతో చుట్టి కట్టుకునేది. మోకాలి కింద, కాలి ముందువైపు నొప్పి లేచినా "పట్టుకుంటున్నట్టున్నది" అనేదే తప్ప మూలగలేదు. ఇంటికొచ్చిన పిజియోథెరపీ అమ్మాయికి కాస్త వంచి చూపించి, ఆమె వెళ్లగానే మళ్లీ కట్టేసుకునేది.

అటు కొట్టంలో నూరీ తన పంతం తను పట్టింది. పెద్దబాపు తవుడు కలిపిన కుడితి పెట్టి, మెడ గోకి, బుజ్జగించి కూర్చుంటే రెండు గ్లాసుల పాలిచ్చి బకెట్‌ను తన్నేది. మూడో వారానికి పొదుగు రాయిలా గట్టిపడింది. అట్లాగే వదిలేస్తే పొదుగువాపు వస్తుంది. సూది వేస్తే పాలు దిగుతాయని ఎవరో అన్నారు. పెద్దమ్మ మంచం మీద నుంచే అరిచింది.

"నా బర్రెకు సూది పొడిసినోని చెయ్యి ఇరగ్గొడ్త!"

ఆ సాయంత్రం నన్ను పిలిచి గోడకున్న మేకు చూపించింది. దాని మీద ఆమె పాలు పిండే చీర వేలాడుతోంది. పచ్చ రంగు వెలిసిపోయిన పాత చీర. ఆపరేషన్‌కు ముందు విప్పి పెట్టింది, ఉతకనివ్వలేదు.

"గిది కట్టుకో. కొంగు నెత్తి మీద కప్పుకో."

"నాకు పిండరాదు పెద్దమ్మా."

"పదేండ్ల సంది సూస్తున్నవ్. సూసినోళ్లకు చెయ్యి అదే వస్తది."

"అది తన్నుతది."

"తంతె నన్ను తంతది. నువ్వు నా చీరల ఉన్నవ్."

కొట్టం గుమ్మం పక్కన నడుమెత్తు గోడ ఉంది. దాని వెనక ఆమె కుర్చీ వేయించుకుంది. కట్టుకట్టిన కాలు ఇంకో కుర్చీ మీద చాపింది. నేను చీర కట్టుకుని నూరీ కింద కూర్చున్నాను. నూరీ మెడ తిప్పి నా భుజం మీద కొంగును వాసన చూసింది. మళ్లీ చూసింది. వెనక్కి ఒక అడుగు వేసింది.

"రావే నా తల్లీ, రా," అంది పెద్దమ్మ గోడ వెనక నుంచి. "ఏందే అలిగినవా? నీ కాడికి రాక ఎన్ని దినాలాయె. దా నా బంగారం, సల్లగ దా."

నూరీ రెండు చెవులూ ఆ గొంతు వైపు తిరిగాయి. నోట్లో మేత నమలడం మొదలుపెట్టింది. నా వేళ్ల కింద పొదుగు మెత్తబడింది. మొదటి ధార బకెట్ అడుగున గణగణ మోగింది. బయట నిలబడ్డ పెద్దబాపు నవ్వు వినపడకుండా తువాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పటి నుంచి రెండు పూటలూ అట్లాగే నడిచింది. పిండే చేతులు నావి, చీరా గొంతూ ఆమెవి. మిద్దె మీద నుంచి చూసేవాళ్లకు గోడ వెనక కుర్చీ కనపడదు.

ఆరు వారాలకు ఆసుపత్రికి వెళ్లాం. కొత్త ఎక్స్‌రేలో కాలి ఎముకకూ దాని మీది లోహపు పలకకూ మధ్య ఒకచోట వెంట్రుకంత నల్లగీత ఉంది. చాలామందిలో అట్లాంటి గీత నిండిపోతుందని, పెరిగితేనే ఆలోచించాలని డాక్టర్ అన్నాడు. తర్వాత మోకాలు వంచి కొలిచి, "అరవై డిగ్రీలే వస్తోంది, బాగా వంచాలి" అన్నాడు. పెద్దమ్మ చెవిలో నల్లగీత ఒక్కటే నిలిచింది. ఇంటికొచ్చి తువాలు ఇంకో చుట్టు ఎక్కువ చుట్టుకుంది.

"గుంజ మొదట్ల సందు పడ్డది," అంది నాతో. ఆమె కళ్లలో భయం చూడటం నాకు అదే మొదలు.

పది వారాలకు మళ్లీ వెళ్లాం. డాక్టర్ రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. గీత పెరగలేదు. ఒక మూల తప్ప మిగతాది నిండిపోయింది. అతని ముఖం విప్పారింది. మోకాలు వంచి చూడగానే ఆ ముఖం ముడుచుకుంది. ఇప్పుడు యాభై ఐదే వచ్చింది.

"ఏం చేస్తున్నారమ్మా ఇంట్లో?"

పెద్దమ్మ గుంజ సంగతి మొత్తం చెప్పింది. చెక్క సంగతి, తువాలు సంగతి కూడా దాచకుండా చెప్పింది. డాక్టర్ మధ్యలో ఆపలేదు, నవ్వలేదు. చివరికి బల్ల మీదున్న బొమ్మ మోకాలిని చేతిలోకి తీసుకున్నాడు.

"మీ గుంజ బాగా దిగిందమ్మా. ఎముక పట్టుకుంది. కానీ వంగేది గుంజ కాదు, దానిపైన ఉన్న కీలు. ఇది చూడండి, పైన వంచుతుంటే కింద కదులుతోందా? కీలు గుంజకు కట్టిన తాడు లాంటిది, మీరు ఆ తాడును కూడా కదలనివ్వలేదు. అందుకే తాడు బిర్రబిగిసింది. లోపల కండ అతుక్కుపోయింది."

పెద్దమ్మ ఆ బొమ్మను తీసుకుని తన చేత్తో వంచి చూసింది. కింది పలక మీద బొటనవేలు పెట్టి ఇంకోసారి వంచింది. పలక కదల్లేదు.

"తప్పు నాదే సార్. మీరు చెప్పిండ్రు, మా పిల్ల సదివి చెప్పింది. నేనే ఇనలే."

నేను రెండోసారి చెప్పని సంగతి ఆమె ఎత్తలేదు.

మత్తుమందిచ్చి డాక్టరే మోకాలిని వంచుతానన్నాడు. కోత ఉండదు. అరుదుగా ఎముక చిట్లే ప్రమాదం ఉందని అది కూడా చెప్పాడు. ఇంకా ఆలస్యం చేస్తే ఈ దారి కూడా మూసుకుపోతుందన్నాడు. బతుకమ్మ మొదలైన వారంలో ఒక పొద్దున తీసుకెళ్లాం. గంటలో బయటికి తెచ్చారు. మరుసటి రోజు ఆటోలో ఇంటికొచ్చాం. వాచిన కాలుతో ఆమె ఆటో దిగడం గల్లీ అంతా చూసింది. గిర్ని దగ్గర మాట పుట్టింది ఆ రోజే.

తర్వాత నెల రోజులు నేను చూసింది ఎవరికైనా చెప్పడం కష్టం. మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడేసి, రెండో కాలితో దాన్ని వెనక్కి నెట్టేది. అట్లా పూటకు యాభై, రోజుకు నాలుగు పూటలు. అంకెలు పైకి లెక్కపెట్టేది. ముప్పై దాటాక కళ్ల నుంచి నీళ్లు కారేవి, లెక్క మాత్రం ఆగేది కాదు. పెద్దబాపు ఆ పూటకు ఏదో పని చెప్పుకుని బయటికి పోయేవాడు. నేను గోడ మీద బొగ్గుతో ఆమె మడమ ఎంత వెనక్కి పోయిందో గీత గీసేదాన్ని. కొన్ని రోజులు గీత మీదే గీత పడేది. కొన్ని రోజులు వేలెడు జరిగేది.

ఒక మధ్యాహ్నం రాజమణి అత్త అరటిపండ్లు పట్టుకుని చూడటానికి వచ్చింది.

"ఏందక్కా, గింత తొందరా? బర్రె ఎటు పోతుండె? ఆరు నెలలు ఆగొద్దా?"

పెద్దమ్మ పొయ్యి దగ్గరున్న నావైపు ఒకసారి చూసింది. "ఏం జేద్దం రాజమణీ, పాణం ఆగలే."

ఆమె వెళ్లాక నేను ఉండబట్టలేకపోయాను. "అట్ల చెప్పినవేంది? కూసున్నది నేను గదా."

"నువ్వని చెప్తె రేపటి సంది గల్లీ గల్లీ మిద్దెలెక్కి నిన్ను సూస్తది. సిగ్గుపడి నువ్వు కొట్టం మొఖం సూడవు. నూరీకి ఎవరు పిండుతరు? నన్నంటె నాకేమైతది, వాళ్ల మాటలకు నా మోకాలు ఊడుతదా?"

ఈలోగా పెద్దబాపు, మేస్త్రీ అంజన్న కలిసి కొట్టంలో నూరీ నిలబడేచోట మూరెడు ఎత్తు గద్దె కట్టారు. బర్రె కాలు జారకుండా పైన గరుకుగా చేసి, ఎక్కడానికి ఏటవాలుగా దారి వదిలారు. స్టూల్ మీద కూర్చున్న మనిషికి పొదుగు సరిగ్గా చేతికందేలా కొలత పెద్దమ్మే చెప్పింది. సిమెంట్ సంచి విప్పుతూ పెద్దబాపు కేకేశాడు.

"నీ మోకాలుకు మిగిలిన సిమెంట్ అంత నీ బర్రె కిందనే పోస్తున్న సూడు!"

"పొయ్యి పొయ్యి. దానికన్న గట్టిగుండని," అంది ఆమె, లెక్క ఆపకుండా.

దీపావళికి రెండు రోజుల ముందు సాయంత్రం పింటూ అన్న వచ్చాడు. వెంట ఎల్లప్ప అనే బర్రెల బేరగాడు ఉన్నాడు. ఎల్లప్ప కొట్టంలోకి వచ్చి నూరీ కొమ్ములు, పొదుగు, తోక అన్నీ చూశాడు.

"మస్తున్నది. పిండి సూపియ్యుండ్రి," అన్నాడు.

నేను చీర కోసం మేకు వైపు వెళ్లాను. మేకు ఖాళీగా ఉంది. పెద్దమ్మ ఆ చీర కట్టుకుని, చేతికర్ర ఆనించుకుంటూ గుమ్మం దాటి వస్తోంది. స్టూల్ జరుపుకుని, కుడికాలు కొంచెం ముందుకు చాపి కూర్చుంది. మోకాలు వంగిన మేరకు వంగింది, అది చాలింది. గద్దె మీద నూరీ మెడ తిప్పి ఆమె నెత్తిని, మెడను, చేతులను వాసన చూసి బుస్సుమని ఊపిరి వదిలింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. పొదుగు మీద చెయ్యి వేసేసరికి పాలు దిగాయి. బకెట్‌లో నురగ అంచు దాకా లేచింది.

"ఈమె కాలు ఊడిందన్నరు గదయ్యా గిర్నికాడ?" అన్నాడు ఎల్లప్ప మెల్లగా. తర్వాత బేరగాడి బుద్ధి తిరిగొచ్చింది. "నేను తోల్కపోతె నాకు గిట్ల ఇస్తదా?"

"ఈ చీర గూడ నువ్వే కట్టుకోవాలె మరి," అన్నాడు పెద్దబాపు.

ఎల్లప్ప గట్టిగా నవ్వేశాడు. పింటూ అన్న నవ్వలేదు. కాసేపు తల్లి మోకాలి వైపే చూసి, ముందుకొచ్చి, నిండిన బకెట్‌ను ఆమె చేతుల్లోంచి అందుకుని ఇంట్లోకి తీసుకెళ్లాడు. అమ్మే మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఏడాది దాటింది. మోకాలు నూటపది డిగ్రీల దాకా వంగుతుంది. మొన్నటి ఎక్స్‌రేలో నల్లగీత ఎక్కడా లేదు. పొద్దున నూరీకి, సాయంత్రం నాలుగు బర్రెలకూ ఆమే పిండుతుంది. పొద్దున మిగతా మూడూ నావి. ఈ మధ్య నేను నా చీరలోనే కూర్చుంటున్నాను, అవి ఊరుకుంటున్నాయి.

పోయిన శుక్రవారం బేగంబజార్ నుంచి వాసవాంబ గారు ఆటోలో వచ్చారు. వాళ్లది గిన్నెల దుకాణం. ఇరవై ఏళ్లుగా మా పాలే తాగుతారు. ఆమె మోకాళ్లు రెండూ పోయాయి. ఆపరేషన్‌కు తేదీ కూడా తీసుకున్నారు. మా గల్లీ మాట అక్కడికి చేరాక ఆమె భర్త వైకుంఠం గారు ఆ తేదీ రద్దు చేయించారు.

"ఊడిపోయి మళ్లా కోసిండ్రని ఇని ఆయన వద్దే వద్దంటున్నడు పుష్పమ్మా," అన్నారామె కుర్చీలో కూర్చుని, కాళ్లు రాసుకుంటూ. "నాకు మెట్లు దిగొస్తలేదు. దేవుని అర్రలకు గూడ పోతలేను. నిజం చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

పెద్దమ్మ ఉన్నదున్నట్టే చెప్పింది. చలికాలం పొద్దున మోకాలు బిగదీస్తుందని చెప్పింది. లేచేటప్పుడు ఒక్కోసారి లోపల టక్కుమంటుందని, మోకాలి పక్కన అరచేతంత మేర స్పర్శ లేదని, వ్రతానికి కింద కూర్చోలేనని చెప్పింది. ముందటి నొప్పి మాత్రం లేదంది. తువాలు సంగతి, చెక్క సంగతి చెప్పి, "వంచమన్ననాడు వంచుండ్రి అమ్మా, నా లెక్క చెయ్యకుండ్రి" అంది.

"బర్రె కింద కూసున్నవన్నరు?"

"అది నేను కాదు. గదిగో, మా స్వీటీ," అంది పెద్దమ్మ నావైపు చూపించి. నేను తల వంచుకున్నాను కానీ లోపలికి పోలేదు.

"మరి రెండోపాలి కోసిండ్రన్నది?"

పెద్దమ్మ చీర మోకాలి పైదాకా జరిపి, కాలు వాసవాంబ గారి కుర్చీకి దగ్గరగా చాపింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశారు. వేలితో పై నుంచి కిందికి తడిమారు. జానెడు పొడవున సన్నగా, తెల్లబడిన గీత ఒకటి ఉంది. అటూ ఇటూ వెతికారు. ఇంకో గీత లేదు. ఆ మోకాలిని కోసింది ఒక్కసారే.